ఇరవైమూడుసార్లు చెరిపిన మాట

…పైగా కుడి బొటనవేలితోనే. ఎడమ చేతిలో ఏదో పట్టుకుని ఉండాలి, బస్సు కమ్మీయో, మంచినీళ్ళ గ్లాసో, లోపల గడియ వేసిన తలుపో. రెండు చేతులూ ఖాళీగా ఉన్న మనిషి ఇంత వంకరగా టైపు చేయదు. అక్షరాలన్నీ కుడివైపుకి వాలిపోయాయి. ఇరవైమూడుసార్లు. ఒకసారి రాసి చెరిపితే తొందరపాటు అనుకోవచ్చు. రెండోసారి చెరిపితే భయం. పదిసార్లయినా ఏదో సర్దిచెప్పుకోవచ్చు. ఇరవైమూడుసార్లు చెరపడాన్ని ఏమనాలి? దానికొక పేరుండాలి, ఏ మనస్తత్వశాస్త్ర గ్రంథంలోనో, ఏ శిక్షాస్మృతిలోనో…

"సారూ, టీ సల్లారిపోతంది," అన్నాడు దాలినాయుడు.

కూర్మారావు తెరమీంచి కళ్ళు తిప్పలేదు.

తెరమీద రెండే రంగులు. పంపిన మాటలు నలుపు. రాసి, పంపకుండా చెరిపేసిన మాటలు ఎరుపు. ఆరేళ్ళ కిందటి ఆ జూలైలో, తొమ్మిది రోజులపాటు, అప్పట్లో అతని విద్యార్థిని అయిన మృదుల ఫోను గాజులో నలుపు దాదాపు లేదు. అమ్మకి 'తిన్నాను', స్నేహితురాలికి 'తర్వాత మాట్లాడతా', అంతే. మిగతాదంతా ఎరుపు. ఒకే మాట, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు, ఒక్కోసారి ఒక్కో తప్పుతో:

సార్ అలా అనలేదు. మిగతా వాక్యం కూడా వినండి.

"ఇదేటండీ, మనిసి ఫోనా, కుంకం బరిణా?" అన్నాడు దాలినాయుడు వెనకనుంచి తొంగిచూసి. తర్వాత వాక్యం చదివాడు. చదివి, చేతిలో ఉన్న తన టీ కూడా కింద పెట్టేశాడు.

గాజు మర్చిపోదు. గాజు శాస్త్రవేత్తగా కూర్మారావు ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నమ్మిన సంగతి అదొక్కటే. ఫోన్లకి వాడే గట్టిపరిచిన గాజుమీద వేలు ఆనిన ప్రతిసారీ, వెంట్రుకలో వెయ్యో వంతు కూడా లేని బిగువు ఒకటి లోపల మిగిలిపోతుంది. వేలి చెమటలోని ఉప్పు ఆ బిగువు వెంట లోపలికి దిగుతుంది. ఎంత లోతుకి దిగిందో చూస్తే ఏ రోజుదో తెలుస్తుంది. ఎక్కడ దిగిందో చూస్తే ఏ అక్షరమో తెలుస్తుంది. కింద కుడి మూలన చెరిపే మీట ఉంటుంది. అక్కడ గాజు మిగతా అన్నిచోట్లకంటే ఎక్కువగా నలిగిపోయి ఉంటుందని, ఏ మనిషి ఫోనైనా అంతేనని, మొట్టమొదటి గాజు చదివిన రోజే తెలిసింది. గాజుని అలా చదివే యంత్రానికి 'ఆనవాలు' అని పేరు పెట్టాడు. గాజువాక ఆటోనగర్లో, లారీ అద్దాలు బిగించే రెండు షెడ్ల మధ్య, మూడో షెడ్డులో అది ఉంది. అతనూ, పాత ల్యాబునుంచి అతనితోపాటు బయటికొచ్చేసిన ఒకే ఒక్క మనిషి దాలినాయుడూ ఐదేళ్ళు కష్టపడి దాన్ని తయారుచేశారు.

గాజులకి కొదవలేదు. హైదరాబాదులో అతని ల్యాబులో ఒక ఆచారం ఉండేది. ఎవరు కొత్త ఫోను కొనుక్కున్నా పాతది ల్యాబుకి ఇవ్వాలి, గాజు ఎంత బరువుకి పగులుతుందో పరీక్షించడానికి. దెబ్బలకి వేసే తెల్ల ప్లాస్టరు ముక్కమీద పేరూ తేదీ రాసి వెనక అంటించి, సొరుగులో పడేయాలి. విద్యార్థులు దాన్ని 'గాజుదక్షిణ' అని నవ్వుకునేవారు. సంస్థ అతన్ని పంపించేసిన రోజు ఆ సొరుగులోని ఫోన్లను ఒక అట్టపెట్టెలో వేసుకుని వచ్చేశాడు. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. చెత్త అనుకున్నారు.

ఆ చెత్తలో మృదుల ఉంది.

ఎన్నిసార్లు తల్చుకున్నా ఆ గది ఒకేలా కనిపిస్తుంది. మృదుల వైవా. తెనాలి అమ్మాయి, చురుకైనది, ఆ రోజు మాత్రం నోరెండిపోయింది. ముగ్గురు పరీక్షకులు ఒకరి తర్వాత ఒకరు ఆమె పరిశోధనని చీల్చి చెండాడుతున్నారు. ఒకాయన, 'ఈమెచేత ఇంకో రెండేళ్ళు గాజు కడిగించండి' అన్నాడు. అప్పుడు కూర్మారావు నవ్వి అన్నాడు: "ఈ గుంటని నాకొదిలేయండి, ఆర్నెల్లలో మీ ముగ్గురికీ పాఠం చెప్పిస్తాను."

గుంట. శ్రీకాకుళంలో ఆడపిల్లని అలాగే అంటారు. అమ్మ అతని చెల్లెళ్ళని అలాగే పిలిచింది. పుట్టగానే మంత్రసాని 'గుంట పుట్టింది' అని బయటికొచ్చి చెప్తుంది, అందులో ప్రేమ తప్ప మరేమీ లేదు. గోదావరి దాటేసరికి ఆ మాట మొహం మారిపోతుంది, తిట్టవుతుంది. అది అతనికి తెలుసు. కానీ నవ్వేటప్పుడూ కోపమొచ్చినప్పుడూ నోటికి సొంత ఊరి మాటే వస్తుంది.

ఆ గదిలో తీసిన వీడియోలోంచి ఎవరో నాలుగు సెకన్లు కత్తిరించి బయటికి వదిలారు. 'ఈ గుంటని నాకొదిలేయండి.' తర్వాత మగవాళ్ళ నవ్వు. అంతే. మిగతా సగం లేదు.

ఎవరు కత్తిరించారో ఇప్పటికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. మూడో రోజుకి అది ఎన్ని లక్షల ఫోన్లలోకి పోయిందో. నెలాఖరుకి గది తాళం మార్చారు. అతని పాఠ్యపుస్తకం తీసేశారు. అతను పేరు పెట్టి పెంచిన పరిశోధనలమీంచి అతని పేరు తీసేశారు. ఒక్కరు కూడా పిలిచి, 'ఏమయ్యా, ఏమన్నావు?' అని అడగలేదు. ఆ సంస్థలో నిజంగానే ఆడపిల్లల జోలికి పోయే మనుషులు ఇద్దరున్నారని అతనికి తెలుసు. వాళ్ళ పక్కన కూర్చుని టీ తాగాడు. వాళ్ళమీద పోగుపడిన కోపమంతా దారి తప్పి తనమీద పడిందని ఒక్కోసారి అనిపించేది. ఆ ఆలోచన దగ్గర ఎక్కువసేపు నిలబడేవాడు కాదు. అక్కడ నిలబడితే, వాళ్ళ సంగతి తెలిసి తానేం చేశాడన్న ప్రశ్న వస్తుంది.

"ఇన్నాళ్ళూ ఈ గుంటే కత్తిరించిందేమో అనుకున్నాం కదండీ," అన్నాడు దాలినాయుడు మెల్లగా.

"కత్తిరించి ఉంటే బాగుండేది."

"అదేటండీ!"

"కత్తిరించినవాడికి నామీద కోపం ఉండి ఉంటుంది. కోపం అర్థమవుతుంది. ఈమెకి నిజం తెలుసు. ఒకే ఒక్క మీట నొక్కితే చాలు, దాలినాయుడూ. ఆ మీట పక్కనుంచే వెళ్ళి, పక్కదాన్ని నొక్కింది. ఇరవైమూడుసార్లు."

సోమవారం పదకొండు గంటలకి మృదుల ఈ షెడ్డుకి వస్తుంది. సాక్ష్యాల పరీక్షా కేంద్రంలో ఇప్పుడు ఆమె అధికారి, వచ్చే నెల అసిస్టెంట్ డైరెక్టరు కాబోతోంది. ఆనవాలుని నేర పరిశోధనకి తీసుకోవాలా వద్దా అని తేల్చే కమిటీలో ఆమె ఉంది. ఆమె ఉంది కాబట్టే కూర్మారావు ఆ కేంద్రానికే దరఖాస్తు పెట్టాడు. నమూనాగా ఆమె గాజే బిగిస్తాడు. కమిటీ కళ్ళముందు, ఫోన్లు పైకెత్తి రికార్డు చేసే సహాయకుల ముందు, తెరమీద ఎర్రగా, ఇరవైమూడుసార్లు. అతను ఒక్క మాట కూడా అనక్కర్లేదు. సాయంత్రానికల్లా ఆ లక్షలమందీ ఇటు తిరుగుతారు. నిజం తెలిసీ నోరు మూసుకుంది అంటారు. ఆమె గది తాళం మారుస్తారు.

ఆ దృశ్యాన్ని అతను తీరిగ్గా, నోట్లో బెల్లంముక్క చప్పరించినట్టు చప్పరించాడు.

* * *

ఇంటికి వెళ్ళేసరికి భార్య దమయంతి గుమ్మంలో కూర్చుని ఎదురింటి పిల్లకి జడ వేస్తోంది.

"కదలకు పాపా," అంటోంది.

ఆరేళ్ళుగా ఆమె నోట గుంట అన్న మాట రాలేదు. టెక్కలిలో పుట్టి, ఆ మాట వింటూ పెరిగి, ఆ మాట అంటూ బతికిన మనిషి. ఆ నాలుగు సెకన్ల తర్వాత అపార్టుమెంటు ఆడవాళ్ళ గ్రూపులోంచి ఆమెని తీసేశారు. ఆ గ్రూపు పెట్టిందే ఆమె, శుక్రవారం పారాయణకి అందర్నీ పిలవడానికి. మధ్యాహ్నం పప్పు తిరగమోత వేస్తుంటే ఫోను టింగుమంది, అంతే. ఆ శుక్రవారం కింద హాల్లోంచి పారాయణ వినిపిస్తుంటే వంటింటి కిటికీ మూసేసింది. ఆ రోజునుంచి ఊళ్ళో ఆడపిల్లలందరూ ఆమెకి పాపలే. పాప అన్న మాట ముందర చిన్న ఆగుడు ఒకటి ఉంటుంది. అది కూర్మారావుకి ఒక్కడికే వినిపిస్తుంది.

పిల్ల వెళ్ళిపోయాక, "ఏటి, దొరికిందేటి?" అంది.

చెప్పాడు. ఆమె కదలకుండా వింది. దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీసి ఉండగా చుట్టి, ఆ ఉండని వేళ్ళమధ్య నలిపింది.

"ఇరవైమూడుసార్లా?"

"లెక్కపెట్టాను."

"సూపించండి."

"చూపిస్తాను."

"అలగ కాదు. అందరి ముందర సూపించండి. దాని మొకం ఎలగ మారతాదో నాను సూడాల. మన గుమ్మంలో కూకుని నా చేతి కందిపొడి అన్నం తింది కదండీ అది! 'ఆంటీ, ఇంకొంచెం నెయ్యి' అని అడిగింది. అంత నెయ్యి తిన్న నోరు ఒక్క మాట అనలేకపోయిందా?"

కూర్మారావు నవ్వాడు. ఆమెలో ఈ కోపం చూడటం అతనికి హాయిగా ఉంది. ఆరేళ్ళలో వాళ్ళిద్దరూ పంచుకున్నది ఏదైనా ఉంటే అది ఈ కోపమే, పిల్లలు లేని ఇంట్లో ఇద్దరూ కలిసి బిడ్డని పెంచినట్టు దాన్ని పెంచారు.

"ఒక చిక్కుంది," అన్నాడు. "కమిటీలో ఒక జడ్జిగారున్నారు. యంత్రం సొంతంగా కల్పించడంలేదని నమ్మకమేమిటి అంటారు. అదే నెలలో వాడిన ఇంకో ఫోను కావాలి. అందులో పంపినవి ఇప్పటికీ మనదగ్గర ఉండాలి. యంత్రం చదివిందీ, ఉన్నదీ ఒకటేనని చూపించాలి."

"నా పాతది లేదేటి? బీరువాలో ఉంది. దాన్లోంచి మా చెల్లికి పెట్టినవన్నీ దాని దగ్గర అలాగే ఉంటాయి. అది ఏదీ తీసెయ్యదు, పిసినారిది." దమయంతి లేచి వెళ్ళి తెచ్చి ఇచ్చింది, పసుపు మరకతో సహా. "సదువుకోండి. నాకేటి బయ్యం?"

* * *

శనివారం ఉదయం దాలినాయుడు ఆ గాజుని వేడిగాలితో ఊడదీసి పళ్ళెంలో బిగించాడు. పక్క షెడ్డులో లారీ అద్దానికి ఎవరో రబ్బరు కొడుతున్నారు.

"అమ్మగారిదంటే బద్రంగా సెయ్యాల. గీత పడితే నాకు సోమారం అన్నం కేరేజీ రాదు."

నలుపు మొదలైంది. చెల్లెలికి చీర రంగు గురించి. పాలవాడికి రేపు వద్దని. చెల్లెలి ఫోనునుంచి తెప్పించిన వాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోతోంది. కూర్మారావు టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. జూలై మూడో వారం వచ్చింది. క్లిప్పు బయటికొచ్చిన రెండో రోజు, మధ్యాహ్నం.

ఎరుపు.

చెల్లెలికి రాసింది. రాసి చెరిపింది.

ఆ గుంటని ఈయన నిజంగా ఏమన్నా చేసేరేమోనే.

దాని కింద ఇంకొకటి, కొంచెం ఆగి రాసినట్టుంది.

ఆ పిల్ల రెండు నెలల్నించి మాయింటికి రావడం మానేసింది. ఎందుకు మానేసిందో నాను అడగలేదు.

రబ్బరు కొట్టే చప్పుడు ఆగింది. కూర్మారావు చేతిలో పెన్సిలు టిక్కు పెట్టబోయి ఎక్కడ పెట్టాలో తెలియక కాగితంమీద నిలబడిపోయింది. ఆ పిల్ల రావడం మానేసింది థీసిస్ రాసుకోవడానికి. తనే మానమన్నాడు. ఆ సంగతి దమయంతికి చెప్పాడా? చెప్పే ఉంటాడు. చెప్పలేదేమో.

దాలినాయుడు చదివాడో లేదో తెలియదు. కానీ జేబులు తడుముకున్నాడు, లేని అగ్గిపెట్టె కోసం.

"సారూ, నాను అలగెల్లి టీ తాగొస్తాను."

"ఇప్పుడేగా తాగావు."

"అది మీతో తాగింది. ఇది నాది."

ఒంటరిగా మిగిలాక కూర్మారావు ఆ రెండు వాక్యాలనీ ఒక శాస్త్రవేత్తలా చూడాలని ప్రయత్నించాడు. వేలి ఒత్తిడి మామూలుకంటే తక్కువ. అంటే భయంభయంగా రాసింది. చెరిపినప్పుడు ఒత్తిడి రెట్టింపు. అంటే… అంటే ఏమిటి? తప్పు చేసినట్టు చెరిపిందా? కోపంతో చెరిపిందా? తనమీద తనకే అసహ్యం వేసి చెరిపిందా? యంత్రం ఒత్తిడి కొలుస్తుంది. అంతకు మించి దానికి తెలియదు. ఇంతవరకూ ఆ సంగతి అతనికి తట్టలేదు.

ఎర్ర అక్షరాలు సాక్ష్యమైతే, తన ఇంట్లో కూడా ఒక నేరస్థురాలుంది. అవి సాక్ష్యం కాకపోతే, మృదుల గాజు వల్ల తనకి ఒరిగేదేమీ లేదు. ఒకే రంగుని ఒక గాజులో నిజమనీ, ఇంకో గాజులో అబద్ధమనీ ఎలా అనడం? కాసేపు అలా అనడానికి కూడా ప్రయత్నించాడు. మనసు ఎంత తెలివైనదంటే, పావుగంటలో నాలుగు కారణాలు తయారుచేసిపెట్టింది. నాలుగూ చూసుకుని సిగ్గుపడ్డాడు.

సిగ్గు తర్వాత మళ్ళీ కోపమే వచ్చింది. ఈసారి ఎటు తిప్పాలో తెలియని కోపం.

* * *

దమయంతి మజ్జిగ పోసింది. అతను ఆమె బొటనవేలివైపు చూస్తున్నాడు. గోరు పక్కన పాత కత్తిగాటు. ముప్ఫై ఏళ్ళుగా ఆ వేలు అతని విస్తరిముందు కదులుతోంది.

"నాది సదివేరా?"

"చదివాను."

"ఏటున్నాది?"

"చీరలు. పాలు."

"మరీ అంతేనా నా బతుకు!" అని నవ్వింది. గిన్నె మూత పెట్టబోయి ఆగింది. "చెరిపేసినవి కూడా వస్తాయన్నారు కదా మీరు. ఎర్రగా."

అతను అన్నంలో మజ్జిగ కలుపుతున్నాడు, అప్పటికే కలిసిపోయిన అన్నంలో.

దమయంతి మూత పెట్టలేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమెకి గుర్తొస్తున్నట్టు మొహంలో తెలిసింది, ముందు నుదుటిమీద, తర్వాత కళ్ళల్లో.

"అదొక్క రోజండీ," అంది.

"ఊఁ."

"ఊఁ ఏటి? తిట్టండి. ఈ మజ్జిగ గిన్నె విసిరికొట్టండి. అలగ ఊఁ అనకండి."

"నన్నే అడగొచ్చు కదా దమయంతీ. పక్కగదిలోనే ఉన్నాను."

"అడిగితే మీరు కాదంటారు. కాదన్నా నాను నమ్మలేకపోతే? అప్పుడేటి సేస్తాను?" ఆమె గొంతు పైకి లేచింది. "ఊరంతా అంటంటే నాకు మాత్రం అనుమానం రాదా? నానేమన్నా గోడనా? వచ్చింది. రాసేను. రాసినాక అక్షరాల్లో సూసుకున్నాను. సూసుకుంటే అది మీరు కాదనిపించింది. ఆ మాటల్లో ఉన్నోడు మీరు కాదు. చెరిపేసేను. అది చెరిపేసేను కాబట్టే కదండీ ఈ ఆరేళ్ళూ మీ పక్కన కూకున్నాను! లేపోతే ఆ రోజే మా చెల్లి దగ్గరికి ఎల్లిపోదును."

పైఅంతస్తులో ఎవరో పచ్చడి నూరుతున్నారు.

"మనిసన్నాక ఒక మాట తనకి తాను అనుకుని, సీ, తప్పు అనుకోడానికి ఎక్కడో కాస్త సోటుండాలండీ," అంది దమయంతి, ఈసారి నెమ్మదిగా. "మీ మిసను ఆ సోట్లోకి వచ్చి కూకుంది."

"అయితే ఆ గుంట సంగతి వదిలేయమంటావా?"

ఆమె చటుక్కున తలెత్తింది. అతని నోట కూడా ఆరేళ్ళ తర్వాత ఈ ఇంట్లో వినిపించింది ఆ మాట.

"నానలగ అన్నానా? నాకు దానిమీద కోపం పోలేదు, పోదు. నాను తప్పు మాట చెరిపేను. అది నిజం మాట చెరిపింది. రెండూ ఒకటి కాదు." గిన్నె మూత పెట్టింది. "కానీ అది ఏది ఎందుకు చెరిపిందో దానికే తెలవాల. మీకూ నాకూ కాదు."

* * *

ఆదివారం అతనూ దాలినాయుడూ యంత్రం మూత విప్పారు.

"కొత్తగా ఒక మీట పెట్టాలి," అన్నాడు కూర్మారావు. "గాజు ఎవరిదైతే వాళ్ళ బొటనవేలు దానిమీద ఆనాలి. గాజులో ఉన్న వేలూ ఈ వేలూ ఒకటే అయితేనే తెర వెలగాలి."

దాలినాయుడు స్క్రూడ్రైవరు నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. తీశాడు.

"నేరం సేసినోడు సొంత వేలెట్టి నా నేరం సదువుకోండి బాబూ అంటాడేటండీ?"

"అనడు."

"మరి కమిటీవోల్లు ఈ మిసనేం సేసుకుంటారు? ఊరగాయెట్టుకుంటారా?"

"తీసుకోరు."

"ఐదేల్లు, సారూ."

"తెలుసు."

"మీ పేరు మల్లీ పైకొచ్చీది. నాదీ ఎక్కడో ఓ మూలన అచ్చయ్యీది. బి. దాలినాయుడు, సాంకేతిక సహకారం." కాసేపు యంత్రంలోకి చూస్తూ ఉండిపోయాడు. "నిన్న టీ కొట్టుకాడ నిలబడి నాను కూడా ఆలోసించేనండీ. నా పాత ఫోను కూడా ఆ పెట్టిలో ఉంది. అందులో మీ గురించే నానెన్ని రాసి చెరిపేనో. మీరు నామీద అరిసినప్పుడల్లా రాసీవోన్ని."

"ఏం రాశావు?"

"వేలెట్టను కదా, ఇంకెలగ తెలుస్తాది మీకు?" అని స్క్రూ విప్పడం మొదలుపెట్టాడు.

సాయంత్రానికి మీట కుదిరింది. మృదుల ఫోను వెనకనున్న తెల్ల ప్లాస్టరు ముక్కని కూర్మారావు గోటితో పీకాడు. నీలం సిరాతో ఆమె దస్తూరీ, పేరు, ఆ జూలై చివరి వారం తేదీ, పక్కన 'గాజుదక్షిణ' అని. దాన్ని తన నోటుపుస్తకంలో అట్ట లోపలివైపు అంటించాడు. ఇప్పుడా గాజు ఎవరిదో చెప్పడానికి గుర్తేమీ లేదు. పై మూలన ఎప్పుడో కింద పడినప్పటి సాలెగూడులాంటి పగులు తప్ప.

జాలిపడ్డానా అని తనని తాను ప్రశ్నించుకున్నాడు. లేదు. లోపల వెతికి చూసుకున్నాడు, ఎక్కడా జాలి లేదు. కోపం చెక్కుచెదరకుండా అలాగే ఉంది. పదునుగా, పెన్సిలు మొనలా.

* * *

సోమవారం పదకొండుకి నాలుగు కుర్చీలూ నిండాయి. విశ్రాంత న్యాయమూర్తి నరసింహాచార్యులుగారు, ఒక పోలీసు అధికారి, మృదుల, ఎవరూ కూర్చోని కుర్చీలో వాళ్ళ ఫైళ్ళు. గోడవారన ఇద్దరు సహాయకులు ఫోన్లు పైకెత్తి రికార్డు చేస్తున్నారు. ఇప్పుడు ఏ సమావేశమైనా అంతే. అందరూ ముందే రాసుకొచ్చిన ప్రశ్నలే చదువుతారు. మధ్యలో ఎవరూ నవ్వరు.

మృదుల సన్నబడింది. కళ్ళజోడు వచ్చింది. లోపలికి రాగానే, "నమస్కారం సార్," అంది, అతని భుజంవైపు చూస్తూ.

"నమస్కారం మేడమ్," అన్నాడు కూర్మారావు. మేడమ్ అన్న మాటకి ఆమె చూపు నేలమీదికి దిగింది. అది చూసి అతనికి తృప్తి కలిగింది. ఆ తృప్తిని దాచుకోలేదు, కనీసం తననుంచి.

యంత్రం ఏం చేస్తుందో నాలుగు మాటల్లో చెప్పాడు. తర్వాత కొత్త మీట సంగతి చెప్పాడు. పోలీసు అధికారి కాగితం పక్కన పెట్టేశాడు.

"అంటే సొంతదారు ఒప్పుకుంటేనే పనిచేస్తుందా? దరఖాస్తులో ఈ సంగతి లేదే!"

"నిన్ననే పెట్టానండి."

"తీసేయగలరా?"

"తీసేయొచ్చు. నేను తీయను."

నరసింహాచార్యులుగారు కళ్ళజోడు సర్దుకుని అతనివైపు పరీక్షగా చూశారు. "కూర్మారావుగారూ, అలాగైతే ఇది మా కేంద్రానికి పనికిరాదు. ఆ సంగతి మీకు తెలిసే చేశారు కదూ?"

"తెలిసే చేశానండి."

"ఎందుకు?"

"మా ఆవిడ చెప్పింది."

గోడవారన ఒక సహాయకుడికి నవ్వొచ్చింది, వెంటనే దగ్గులా మార్చుకున్నాడు. పోలీసు అధికారి వాచీ చూసుకున్నాడు. "ఇంతదూరం వచ్చాం. పోనీ ఒక నమూనా అయినా చూపించండి."

కూర్మారావు కవరులోంచి గాజు తీసి పళ్ళెంలో పెట్టాడు. కిటికీలోంచి పడ్డ ఎండలో మూలనున్న సాలెగూడు మెరిసింది.

మృదుల దాన్ని చూసింది.

దమయంతి కోరుకున్నట్టు ఆమె మొహం మారలేదు. కుడిచేతి బొటనవేలు మాత్రం చూపుడువేలి పక్కన గీకడం మొదలుపెట్టింది, పైకీ కిందకీ, ఒకేచోట. ఆ కదలిక అతనికి తెలుసు. తొమ్మిది రోజులపాటు ఆ వేలు ఎటు వాలిందో, ఎక్కడ ఆగిందో, ఏ మీట పక్కనుంచి వెనక్కి వచ్చిందో ఈ ప్రపంచంలో అతనికొక్కడికే తెలుసు.

"ఎవరిదండీ ఈ గాజు?" అన్నారు న్యాయమూర్తి.

"ఎవరిదో వాళ్ళకి తెలుసు," అన్నాడు కూర్మారావు. "వాళ్ళిష్టం."

"వాళ్ళు ఇక్కడ ఉన్నారా?"

ఆరేళ్ళ కిందట ఆ వైవా గదిలోలాగే, మాట్లాడాల్సిన మనిషి కోసం గది ఎదురుచూసింది. పక్క షెడ్డులో రబ్బరు సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. దాలినాయుడు యంత్రం వెనక చేతిగుడ్డతో అప్పటికే శుభ్రంగా ఉన్న చోటునే తుడుస్తున్నాడు.

ఆమె చెప్పకపోతే కమిటీలో ఎవరికీ తెలియదు. కాగితాలు సర్దుకుని, కారెక్కి, వచ్చే నెల అసిస్టెంట్ డైరెక్టరు కావచ్చు. అది ఇరవైనాలుగోది అవుతుంది. సాక్షులు అతనూ ఆమే, యంత్రం వెనకనున్న దాలినాయుడూ. చెప్తే, ఆ ఎత్తిపట్టిన ఫోన్లు సాయంత్రానికి ఏం చేస్తాయో ఇద్దరికీ తెలుసు. అతను ఇవ్వగలిగినది ఇంతే. ఇది క్షమించడం కాదు. క్షమించడం ఇంతకన్నా సులువుగా ఉంటుందని అతని ఉద్దేశం.

మృదుల కళ్ళెత్తి మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది.

కూర్మారావు ఫైళ్ళు పెట్టిన కుర్చీలోంచి వాటిని తీసి కింద పెట్టాడు. ఆమె ఎదురుగా కూర్చున్నాడు. గోడవారనున్న ఫోన్లవైపు చూడలేదు. ఆరేళ్ళుగా నలుగురిలో అనకుండా మూసిపెట్టిన మాటని, శ్రీకాకుళం యాసతో సహా, అందరికీ వినిపించేలా బయటికి తీశాడు.

"నీకొదిలేస్తున్నాను గుంటా," అని, పళ్ళాన్ని ఒక వేలితో బల్లమీద ఆమెవైపు జరిపాడు.